ఆ రోజు ఎవరిది?

మా ఇంట్లో తాతగారి తద్దినం మాఘమాసంలో వచ్చేది. ముందు రోజు సాయంత్రం నుంచే అమ్మకి పని మొదలయ్యేది. తెల్లవారకముందే తలస్నానం చేసి, మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్లేది. అరటికాయ కూర, అల్లం పచ్చడి, పెసర పచ్చడి, గారెలు, పరమాన్నం, నువ్వుండలు... అన్నీ ఒక్క చేతి మీద చేసేది. భోక్తలు తిని లేచి, నాన్నగారు, బాబాయిలు, పిల్లలం తిన్నాక, మధ్యాహ్నం మూడు దాటాక ఆవిడ విస్తరి వేసుకునేది. అంతవరకూ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఆ రోజు మంత్రాల్లో తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు, ఆయన తాత పేరు వినిపించేవి. అమ్మ పేరు వినిపించేది కాదు. బతికున్న మనిషి పేరు అక్కడ ఎందుకుంటుంది, నిజమే. కానీ ఆ తిథిని మా ఇంట్లో మర్చిపోకుండా నిలబెట్టింది ఎవరు అన్న ప్రశ్న నాకు చాలా ఏళ్లు తట్టనేలేదు.

తద్దినం అంటే 'ఆ రోజు' అనే కదా. జయంతి, వర్ధంతి, ఆరాధన, శతజయంతి, ద్విశతజయంతి... పేర్లేవైనా ఇవన్నీ ఒక రకంగా తద్దినాలే. పోయినవాళ్లకి బతికున్నవాళ్లు ఏదో బాకీ ఉన్నారనీ, ఏడాదికి ఒక రోజు దాన్ని తీర్చుకోవాలనీ నమ్మకం. సంగీతంలో ఈ నమ్మకం మరీ బలం. ఆ బాకీ సంగతే ఇక్కడ మాట్లాడాలనుకుంటున్నాను. ఎవరికి బాకీ ఉన్నాం, ఎవరు తీరుస్తున్నారు, తీరిందని ఎవరు చెప్పాలి?

ఒక ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. సంగీతం పిచ్చి కాస్త ఉండడంతో మ్యూజిక్ క్లబ్ బాధ్యత కూడా నాకే అప్పగించారు. క్లబ్ గది బయట నోటీసు బోర్డు మీద 'ఈ నెల సంగీత చరిత్రలో' అని నెలనెలా రాసేదాన్ని. 2006 జనవరి బోర్డు నాకు బాగా గుర్తు. జనవరి 6, త్యాగరాజు మరణం, 1847. జనవరి 8, ఎల్విస్ ప్రెస్లీ జననం, 1935. జనవరి 27, మొజార్ట్ పుట్టి సరిగ్గా 250 ఏళ్లు. రంగు చాకుపీసులతో ముస్తాబు చేసి మురిసిపోయాను. మర్నాడు రెండో సంవత్సరం పిల్ల ఒకతి చదివి, ఏ వెటకారమూ లేకుండానే అడిగింది. "మేడమ్, జనవరిలో ఆడవాళ్లెవరూ పుట్టలేదా? చచ్చిపోలేదా?"

నవ్వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సమాధానం చెప్పలేకపోవడం ఒక కారణం. అలాంటి ప్రశ్న నాకెప్పుడూ రాకపోవడం రెండోది. అప్పటికే ఇరవై ఏళ్లుగా స్త్రీల గురించి చదువుతున్నాను, రాస్తున్నాను. అయినా బోర్డు రాసేటప్పుడు నా చెయ్యి నాన్నగారి చేతిలాగే మగవాళ్ల పేర్లే వరసగా రాసుకుపోయింది.

అప్పటినుంచి, బోర్డు మీది ఒక్కో పేరు వెనక్కీ వెళ్లి చూడడం మొదలుపెట్టాను. మొజార్ట్ వెనక అక్క ఉంది. 1751లో పుట్టిన మరియా అన్నా, ఇంట్లో నానెర్ల్. చిన్నప్పుడు తమ్ముడితో సమానంగా యూరప్ ఆస్థానాల్లో కీబోర్డు వాయించి మెప్పించింది. పెళ్లీడు వచ్చాక ప్రయాణాలు తమ్ముడికి, ఇల్లు ఆమెకి. ఆమె పాట కట్టిందని తమ్ముడు రాసిన ఉత్తరం వల్ల తెలుస్తోంది గానీ, ఆమె కట్టిన ఒక్క స్వరమూ మనకి దక్కలేదు. 1829 దాకా బతికింది. 2001లో ఆమె పుట్టి కూడా 250 ఏళ్లయింది. ఆ ఏడు నా బోర్డు మీద ఆమె లేదు.

త్యాగరాజు పోయిన 1847 పట్టుకుని వెతికితే మరో పేరు దొరికింది. ఫానీ హెన్సెల్, అంటే ఫెలిక్స్ మెండెల్సన్ అక్క. బెర్లిన్‌లో కలిగిన ఇల్లు. అక్కాతమ్ముళ్లిద్దరికీ ఒకే గురువులు. కానీ 1820లో, ఆమెకి పదిహేనో ఏట, తండ్రి ఉత్తరం రాశాడు. సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు, నీకు మాత్రం అలంకారం కావాలి అన్నది దాని సారాంశం. ఆమె పాటలు ఆరు తమ్ముడి పేరు మీద అతని సంపుటాల్లో అచ్చయ్యాయి. 1842లో బకింగ్‌హామ్ రాజభవనంలో విక్టోరియా రాణి తనకి నచ్చిన పాట ఒకటి పాడి వినిపిస్తే, అది నాది కాదు, మా అక్కది అని ఫెలిక్స్ ఒప్పుకోవాల్సి వచ్చింది. నలభై ఏళ్లు దాటాక, 1846లో, ఫానీ సొంత పేరుతో అచ్చు వేయించుకోవడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మే 14న తమ్ముడి రచనని సాధన చేయిస్తూ పియానో దగ్గరే జబ్బు పడింది. ఆ రోజే పోయింది. ఆరు నెలలు తిరక్కుండానే తమ్ముడూ పోయాడు.

ఆమె 1828లో రాసిన ఈస్టర్ సొనాటా రాతప్రతి 1970లో బయటపడింది. దాని మీద ఎఫ్. మెండెల్సన్ అని ఉంది. ఎఫ్ అంటే ఫెలిక్సే అనుకున్నారు. ఆ పేరుతోనే రికార్డు కూడా వేశారు. 2010లో ఒక పరిశోధకురాలు చేతిరాత, పుటల సంఖ్యలు పట్టి చూసి అది ఫానీదని తేల్చింది. 2017 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, లండన్‌లో ఆమె పేరుతో దాన్ని వాయించారు. మార్చి 8 అనగానే సంతోషమూ కలిగింది, చిన్న గుచ్చుకోవడమూ కలిగింది. మనకంటూ ఒక రోజు ఇచ్చారు. మిగిలిన రోజులు ఎవరివి?

జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టినరోజు రాసేదాన్ని. ఆయన 1900 జులై 4న పుట్టాననే నమ్మి బతికాడు, అలాగే చెప్పుకున్నాడు. ఆయన పోయాక, 1980లలో, న్యూ ఆర్లియన్స్ చర్చి రిజిస్టరులో బాప్తిస్మం నమోదు దొరికితే తెలిసింది, అసలు తేదీ 1901 ఆగస్టు 4 అని. పేద నల్లవాళ్ల ఇంట్లో పుట్టిన బిడ్డ తేదీని పట్టించుకున్నదెవరు? మా అమ్మా అంతే. 'పుష్కరాల ఏట పుట్టాను' అనేది. నెల అడిగితే వానలు పడుతున్నాయట అనేది. తేదీ ఉండాలంటే ముందు నువ్వు రాసిపెట్టదగ్గ మనిషివని ఎవరో అనుకోవాలి.

ఆర్మ్‌స్ట్రాంగ్ వెనక లిల్ హార్డిన్ ఉంది. కింగ్ ఆలివర్ బ్యాండులో పియానో వాయించేది. అదే బ్యాండులో లూయీ రెండో కార్నెట్. 1924లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఎన్నాళ్లు ఆలివర్ వెనక నిలబడతావు అని పోరుపెట్టి అతన్ని బయటికి నెట్టింది ఆమే. 1925 నవంబరు 12న షికాగోలో మొదలైన హాట్ ఫైవ్ రికార్డింగులతో జాజ్ దారి మారిందంటారు. వాటిలో పియానో ఆమెది, కొన్ని పాటల కూర్పూ ఆమెది. 2025 నవంబరుకి వాటికి నూరేళ్లు నిండాయి. రికార్డు మీది పేరు మాత్రం 'లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అండ్ హిజ్ హాట్ ఫైవ్'. అంటే ఆమె కూడా ఆ 'హిజ్'లో ఒక భాగం. తర్వాత విడిపోయారు. 1971 జులై 6న అతను పోయాడు. ఆగస్టు 27న షికాగోలో అతని స్మారక కచేరీలో పియానో వాయిస్తూ ఆమె కుప్పకూలి చనిపోయింది. బెర్లిన్‌లో ఫానీ, షికాగోలో లిల్. ఈ రెండు మరణాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూచుండిపోయాను.

ఇక ఎల్విస్. 1956లో అతను పాడిన 'హౌండ్ డాగ్' ప్రపంచమంతా మోగింది. 1952లోనే దాన్ని రికార్డు చేసిన నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్. 1953లో అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానంలో ఉంది. ఎల్విస్ వర్ధంతికి ఏటా ఆగస్టులో మెంఫిస్‌లో అతని ఇంటి ముందు కొవ్వొత్తులు పట్టుకుని జనం బారులు తీరతారు. థార్న్‌టన్ 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఒక అద్దె గదుల ఇంట్లో పోయింది. 2024లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకుంది. నలభై ఏళ్ల తర్వాత.

ఆలస్యంగానైనా చేర్చుకోవడం మంచిదే కదా అంటారు. నిజమే, చేర్చుకోకపోవడం కంటే మంచిది. అయితే ఆ మంచి ఎవరికి అని కూడా అడగాలి. పోయిన థార్న్‌టన్‌కి అద్దె తగ్గదు. దండ వేసినవాళ్లకి మాత్రం మనసు తేలికపడుతుంది. మా ఇంటి తద్దినానికి ఒక గుణం ఉంది, వచ్చే ఏడు మళ్లీ పెట్టాలి. ఎన్నేళ్లు పెట్టినా బాకీ తీరిపోయిందనరు. మన శతజయంతులు దానికి తల్లకిందులు. ఒకసారి ఘనంగా జరిపి లెక్క మూసేస్తాం. గుర్తు చేసుకోవడం బాకీ తీర్చడమా, బాకీ మాఫీ చేసుకోవడమా? నన్ను వేధించే ప్రశ్న ఇదే. ఇది వేధించడానికి ఫానీ, లిల్ మాత్రమే కారణం కాదు. తిరువయ్యూరు కూడా కారణం, మా ఊరు కూడా.

తిరువయ్యూరు కథ మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. కానీ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడమంటాను. బెంగుళూరు నాగరత్నమ్మ దేవదాసీ కుటుంబంలో 1878లో పుట్టింది. మద్రాసులో పేరున్న విద్వాంసురాలు. తంజావూరు ప్రతాపసింహుడి కాలపు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని ఆమె 1910లో పరిష్కరించి, వావిళ్లవారి ద్వారా వెలువరించింది. అంతకుముందు వచ్చిన అచ్చుప్రతిలో ముద్దుపళని తన గురించి, తన వాళ్ల గురించి చెప్పుకున్న పద్యాలు ఎగిరిపోయాయి. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి వాటిని తిరిగి చేర్చింది. కందుకూరి వీరేశలింగం గారు ముద్దుపళనిని నిందిస్తూ రాసినదానికి, సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగకవులకి అక్కర్లేదా అని ఎదురడిగింది. వితంతువులకి పెళ్లిళ్లు చేయించిన ఆ పెద్దాయనే ఒక స్త్రీ తన కోరిక గురించి రాస్తే భరించలేకపోయారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది.

ఇది మొదటి సంగతి. రెండోది పదేళ్ల తర్వాత. త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని తెలిసి నాగరత్నమ్మ తిరువయ్యూరు వెళ్లింది. స్థలం సంపాదించి, తన సొమ్ము పెట్టి 1921లో గుడికి పునాది వేయించింది. 1925కి పూర్తి చేయించింది. అప్పటికే అక్కడ ఆరాధన చేస్తున్న రెండు వర్గాలూ మగవాళ్లవే. వాళ్ల కచేరీల్లో ఆడవాళ్లకి చోటు లేదు. తాను కట్టించిన గుడి ముందు తాను పాడడానికి వీల్లేదు. 1927 నుంచి ఆడవాళ్లతో వేరే ఆరాధన గుడి వెనక మొదలుపెట్టింది. 1940 ప్రాంతంలో గానీ అన్ని వర్గాలూ ఒకటి కాలేదు. ఈ రోజు పుష్య బహుళ పంచమి నాడు పంచరత్నాలు గోష్ఠిగా పాడుతున్న ఆడవాళ్లమంతా ఆమె తెరిచిన తలుపులోంచి వచ్చి కూర్చున్నవాళ్లమే.

రెండూ ఒకే మనిషి చేసిన పనులు. రెండూ పోయినవాళ్లని గుర్తు చేయడమే. మగవాడి కోసం చేసిన జ్ఞాపకాన్ని లోకం తీసుకుంది. ఆడదాని కోసం చేసిన జ్ఞాపకాన్ని పోలీసులు తీసుకెళ్లారు. 1947లో త్యాగరాజు పోయి నూరేళ్లు. టంగుటూరి ప్రకాశం గారి చొరవతో ముద్దుపళని పుస్తకం మీద నిషేధం తొలగింది ఆ రోజుల్లోనే. మద్రాసులో దేవదాసీ నిరోధక చట్టం వచ్చిందీ 1947లోనే. ముత్తులక్ష్మీ రెడ్డి మొదలుపెట్టిన ఆ చట్టం ప్రయత్నాన్ని నాగరత్నమ్మ వ్యతిరేకించింది కూడా. మన వీరవనితల పటాల్లో ఆమెను సులువుగా ఇమడ్చలేం. 1952లో పోయింది. ఆమె సమాధి అక్కడే ఉంది, త్యాగరాజుకి ఎదురుగా చేతులు జోడించుకున్న విగ్రహంతో.

ఇదంతా మా ఊళ్లో ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి ఒకావిడ ఉండేది. నాకు సరళీస్వరాలు నేర్పిన సంగీతం టీచరుగారు. ఆవిడది కళావంతుల కుటుంబం. ఊళ్లో ఆ మాట గట్టిగా అనేవాళ్లు కాదు, 'వాళ్లమ్మాయి' అని గొంతు తగ్గించేవాళ్లు. మా ఇంట్లో పాఠం వీధి అరుగు మీదే. అమ్మ మజ్జిగ ఇచ్చేది, గ్లాసు వేరే. త్యాగరాజు కీర్తనలు ఆవిడకి లెక్కలేనన్ని వచ్చు. ఎందరికో పాట నేర్పింది. పెళ్లిచూపుల్లో మేం పాడిన పాటలన్నీ ఆవిడ నేర్పినవే.

1990లలో మా ఊరి ఆరాధన కమిటీలో నన్ను వేశారు. చదువుకున్న ఆడమనిషి ఒకరు ఉండాలని. గోష్ఠిలో పాడే ఆడవాళ్ల పేర్ల జాబితా నన్నే రాయమన్నారు. మొదటి పేరు ఆవిడదే రాశాను. ఒక పెద్దాయన చూసి, "ఆవిడ వేదిక మీద కూర్చుంటే మన ఇళ్లలో ఆడవాళ్లు కూర్చుంటారా అమ్మా? ఎందుకొచ్చిన గొడవ. దండలు బాగా కడుతుంది, ఆ పని అప్పజెబుదాం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. గొంతులో కోపం కూడా లేదు. నేనేమీ అనలేదు. పేరు కొట్టేశాను. నా చేత్తోనే.

ఆవిడ దండలు కట్టి పంపింది. ఆ పూట వచ్చి హాలు చివర కూర్చుంది. మేం పాడుతుంటే ఆవిడ చెయ్యి మోకాలి మీద తాళం వేస్తూనే ఉంది. నేను ఒక చోట తప్పు పాడాను. తలెత్తి చూస్తే ఆవిడ నన్నే చూస్తోంది, పాఠంలో లాగే, సరిదిద్దుకో అన్నట్టు. తర్వాత కొన్నేళ్లకి ఆవిడ పోయిందని తెలిసింది. అప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను. మొజార్ట్ పుట్టిన తేదీ, ఎల్విస్ పుట్టిన తేదీ నాకు కంఠస్థం. నా చేత సరిగమలు పలికించిన మనిషి పోయిన తేదీ నాకు తెలియదు.

2017లో త్యాగరాజు పుట్టి 250 ఏళ్లయిన సందర్భానికి మా ఊళ్లో సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. సరే, ఇదే సమయం అనుకున్నాను. నాగరత్నమ్మ గురించి చెప్పి, దాంతోపాటు మా టీచరుగారి ఫొటో పెట్టి, పేరు చెప్పి, దండ వేయిద్దాం అనుకున్నాను. నంబరు సంపాదించి ఆవిడ మనవరాలికి ఫోను చేశాను. అంతా విని ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ఉద్దేశం మంచిదే అక్కా. కానీ అమ్మమ్మ పేరు చెప్పకండి. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మేం ఎవరమో ఇక్కడ ఎవరికీ తెలీదు" అంది.

నాకు మొదట బాధ, ఆ వెంటనే కొంచెం కోపం కూడా వచ్చాయని ఒప్పుకోవాలి. నేను న్యాయం చేద్దామనుకుంటే అడ్డుపడుతోందే అని! ఆ కోపం దగ్గరే నా సంగతి నాకు అర్థమైంది. ఆవిడ పేరుని నేను ఒకసారి జాబితాలోంచి కొట్టేశాను. ఇప్పుడు నాకు కావలసినప్పుడు మళ్లీ రాసుకుంటానంటున్నాను. అప్పుడూ ఆవిడని అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. దండ వేస్తే తేలికపడేది ఎవరి మనసు?

మరైతే మౌనంగా ఉండిపోవాలా? అదీ కుదరదు. మౌనంగా ఉండే కదా ఇంతవరకూ వచ్చింది. చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. బాధపడినవాళ్ల పేరు వాళ్లది. దాన్ని బయటపెట్టాలో దాచుకోవాలో వాళ్లిష్టం, వాళ్ల పిల్లలిష్టం. కానీ జరిగిన అన్యాయం జ్ఞాపకం మాత్రం చేసినవాళ్లది. దాన్ని మోయాల్సింది మనం. ఫానీ ప్రతిభని మెచ్చుకుంటూ ఆ తండ్రి ఉత్తరాన్ని మరచిపోతే, నాగరత్నమ్మ భక్తిని పొగుడుతూ ఆమె గుడి వెనక ఎందుకు పాడాల్సి వచ్చిందో చెప్పకపోతే, ఆ రోజు అబద్ధపు రోజు. ఆపినవాళ్లు లేకుండానే వాళ్లు ఆగిపోయినట్టు, ఎవరూ మూయకుండానే తలుపు మూసుకున్నట్టు చెప్పుకుంటున్నామన్నమాట.

ఆ సభలో పేరు చెప్పలేదు. ఫొటో పెట్టలేదు. జాబితా సంగతి చెప్పాను. కొట్టేసింది నేనే అని చెప్పాను. కొందరు తలలు దించుకున్నారు, కొందరు గడియారం చూసుకున్నారు. కార్యదర్శిగారు నా చెయ్యి పట్టుకుని, "పండగ పూట ఇవన్నీ ఎందుకండీ" అన్నారు. ఏ పూట చెప్పాలో ఆయన చెప్పలేదు. కిందికి దిగాక, గోష్ఠిలో పాడిన ఒక చిన్నపిల్ల వచ్చి, "ఆవిడ పేరేంటి ఆంటీ?" అంది. చెప్పే హక్కు నాకు లేదమ్మా అన్నాను. ఆ పిల్లకి నచ్చలేదు. నచ్చకూడదు కూడా.

ఆ తర్వాత ఏటా పుష్య బహుళ పంచమికి నాకు వీలైన చోట ఈ మాట మళ్లీ చెబుతున్నాను. తద్దినం లాగే, తీరిపోయిందనుకోకుండా. అమ్మ పోయాక మా అన్నయ్య ఆవిడ తద్దినం పెడుతున్నాడు. వంట వదిన చేస్తుంది, మధ్యాహ్నం మూడు దాటాకే తింటుంది. పోయిన ఏడు నేనూ మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్లి, "వదినా, ఈసారి గారెలు అన్నయ్య వేస్తాడు, నువ్వు కాస్త కూర్చో" అన్నాను. వదిన నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. ఈ ఏడు మళ్లీ అంటాను.